కమాను కట్టలో ఆకుకీ ఆకుకీ మధ్య

[దృశ్యం: బల్ల మీద నోట్‌బుక్, రెండు చేతులు]

నోట్‌బుక్‌ని ఇలా విల్లులా వంచి, పేజీల అంచు చూడండి. ఇందాక నిలువుగా ఉన్న అంచు ఏటవాలైంది. ప్రతి కాగితం కిందిదాని మీద కొంచెం జారింది. ఇప్పుడు ఆ అంచుకి గట్టి క్లిప్పు పెట్టి వంచండి. చెక్కలా బిగుసుకుపోతుంది.

తొలినాళ్ల కార్ల కమాను కట్టలు, అంటే ఉక్కు పట్టీలు (ఆకులు) ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన లీఫ్ స్ప్రింగులు, పని చేసేది ఈ జారుడు వల్లే.

[దృశ్యం: ఫోర్డ్ మోడల్ టీ ముందు భాగం]

ఇది 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ. దీనికి ఉన్నవి రెండే కట్టలు: ముందొకటి, వెనకొకటి, రెండూ కారుకి అడ్డంగా.

ఒకే మందపాటి పట్టీ వేస్తే పోయేది కదా? కుదరదు. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. పైగా అంతే వంపుకి పట్టీ పైపొర మీద ఒత్తిడి కూడా రెట్టింపై, పగులు పుడుతుంది. అందుకే పల్చటి ఆకులు పేరుస్తారు. వంచే బలం నడుమ ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ ఆకులు, కొసలకి వెళ్లేకొద్దీ తక్కువ.

[దృశ్యం: విప్పిన ఆకులు, ఒకదాని పక్కన ఒకటి]

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. పొట్టి ఆకుకి వంపు ఎక్కువ, పొడుగు ఆకుకి తక్కువ. ఊరికే పేరిస్తే మధ్యలో సందు కనిపిస్తుంది. ఆకులన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు బిగిస్తే సందు మూసుకుని, పొట్టి ఆకు కొసలు పక్కనున్న పొడుగు ఆకుని గట్టిగా పట్టుకుంటాయి. బరువు పడకముందే మెయిన్ లీఫ్, అంటే అన్నిటికన్నా పొడుగు ఆకు, ఎదురు దిశలో కొంచెం వంగి ఉంటుంది. అందుకే బరువు మోసేటప్పుడు దాని మీద ఒత్తిడి తగ్గుతుంది. ఎంత చక్కటి ఆలోచనో!

ఇక గ్రీజు సంగతి. మోడల్ టీ ఫ్యాక్టరీ నుంచి షాక్ అబ్సార్బర్లు లేకుండానే వచ్చేది. గుంతలో పడ్డాక ఊగుడు ఆగడానికి ఆకుల మధ్య రాపిడే ఆధారం. రాపిడి బొత్తిగా లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతే క్లిప్పు పెట్టిన నోట్‌బుక్కే. తుప్పు తిన్న చిన్న గుంటలోంచే పగులు మొదలవుతుంది కూడా. అందుకే గ్రాఫైట్ కలిపిన గ్రీజు, అదీ పల్చటి పూత చాలు. తర్వాత వచ్చిన ఖరీదైన కార్లలో కొన్నిటికి కట్ట చుట్టూ గ్రీజు నింపిన తోలు తొడుగు కట్టేవారు. దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా.

[దృశ్యం: జాకీ మీద కారు]

జాకీ ఇరుసు కింద కాదు, చాసిస్ (కారు అడుగు చట్రం) కింద పెట్టండి. ఇరుసు వేలాడితే కట్ట మీద బరువు పోతుంది. స్టాండ్లు కూడా పెట్టాకే చెయ్యి లోపల పెట్టండి. ఆకు కొస దగ్గర నెమ్మదిగా ఎడం చేసి, తుప్పు గీకి, గ్రీజు పూయండి. ఒరుసుకుని అరిగిపోయేది కొసల దగ్గరే, పక్కనున్న పొడుగు ఆకు మీద గాడి పడేదీ అక్కడే. ఆ గాడిలో గోరు దిగబడుతుంటే ఆ ఆకు మార్చాల్సిందే, గ్రీజుతో సరిపెట్టకండి.

కారు దించి, ముందు భాగాన్ని ఒక్కసారి గట్టిగా కిందికి నొక్కి వదలండి. కిర్రుమనకుండా పైకి లేచి, ఒకటి రెండు ఊపుల్లో నిలబడితే పూత సరిపోయినట్టే.