ఫోన్-ఇన్: పక్క పొలంలో గడ్డిమందు, పత్తికి దెబ్బ

వ్యాఖ్యాత: నమస్కారం. గడ్డిమందుల మీద మీ సందేహాలకు ఇవాళ కలుపు యాజమాన్య శాస్త్రవేత్త మేడమ్ జవాబిస్తారు. మొదటి ఫోన్ ఖమ్మం జిల్లా నుంచి. చెప్పండి అన్నా.

రైతు: నమస్తే మేడమ్. మాది మూడెకరాల పత్తి, 45 రోజుల పైరు. పైన వచ్చే ఆకులు బెండాకులా సన్నగా చీలికలై వస్తున్నాయి. షాపులో తెగులన్నారు. రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు.

శాస్త్రవేత్త: కింది ఆకులు ఎట్లున్నాయి?

రైతు: అవి బాగానే ఉన్నాయి.

శాస్త్రవేత్త: పక్కన వరి ఉందా?

రైతు: ఉంది. పది రోజుల కింద వాళ్లు గడ్డిమందు కొట్టారు. ఆ గట్టు వైపే మాకు ఎక్కువ కనిపిస్తోంది, లోపలికి పోయేకొద్దీ తక్కువ.

శాస్త్రవేత్త: అయితే అది తెగులు కాదన్నా, 2,4-డి అనే గడ్డిమందు దెబ్బలా ఉంది. ఇంక పురుగుమందులు, తెగులు మందులు కొట్టకండి, డబ్బు దండగ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండ్, అమెరికాల్లో కనిపెట్టిన మందు ఇది, 1945లో మార్కెట్‌లోకి వచ్చింది. మొక్కలో పెరుగుదలకు పనిచేసే హార్మోనులాగే ఉంటుంది. వెడల్పాకు మొక్క దాన్ని పీల్చుకుంటే పెరుగుదల అదుపు తప్పుతుంది. వరికి, గడ్డిజాతికి పెద్దగా ఏమీ కాదు. అందుకే వరి రైతుకు అంత మంచి మందు, పత్తికి అంత శత్రువు. గాలికి కొట్టుకొచ్చిన తుంపర చాలు. 2,4-డిలో ఎస్టర్ అనే రకమైతే కొట్టాక కూడా ఆవిరై వస్తుంది.

రైతు: మరి చేను పోయినట్టేనా మేడమ్? టెన్షన్‌గా ఉంది.

శాస్త్రవేత్త: అప్పుడే దున్నెయ్యకండి. మొక్క చావకుండా ఉంటే రెండు మూడు వారాల్లో మామూలు చిగురు వస్తుంది. కొంత పూత, గూడ (పూమొగ్గలు) రాలొచ్చు. పదును చూసి తడి ఇవ్వండి, లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయండి. అయితే ఆ పంపు మీ సొంతమా?

రైతు: పక్కాయనదీ, మాదీ ఒకటే తైవాన్ పంపు.

శాస్త్రవేత్త: అయితే మందు గాలికే వచ్చిందో, పంపులోంచే వచ్చిందో! నీళ్లతో ఒకసారి తొలిపితే 2,4-డి పోదు. వాషింగ్ సోడా నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, పైపు, నాజిల్‌తో సహా మళ్లీ మళ్లీ కడగాలి. నన్నడిగితే, గడ్డిమందుకు వేరే పంపు పెట్టుకోవడమే మంచిది.

వ్యాఖ్యాత: తర్వాత గుంటూరు జిల్లా నుంచి ఒక అక్క.

మహిళా రైతు: కలుపు తీతకు కూలీలు దొరకట్లేదమ్మా. పత్తి సాళ్ల మధ్య గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొట్టమంటున్నారు. ఓ కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చారు కూడా.

శాస్త్రవేత్త: వద్దక్కా. అది పచ్చగా ఉన్న దేన్నీ వదలదు. 1974లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో తేయాకు తోటలకు, పంటలేని చోట్లకే దానికి అనుమతి. 2022లో కేంద్రం ఇంకా కట్టుదిట్టం చేసి, చీడల నివారణ ఆపరేటర్లే వాడాలంది. మీకు ఏ కలుపు ఎక్కువ?

మహిళా రైతు: గడ్డీ ఉంది, వెడల్పాకులూ ఉన్నాయి.

శాస్త్రవేత్త: కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీదుంటే, నేల తడిగా ఉన్నప్పుడు ఎకరాకు పైరిథియోబాక్ సోడియం 250 మిల్లీలీటర్లు, క్విజలోఫాప్ ఇథైల్ 400 మిల్లీలీటర్లు 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టొచ్చు. కలుపు ముదిరితే గుంటక తోలడమే దిక్కు. ఆ సీసా మాత్రం ఇంట్లో ఉంచకండి. పిల్లలు కూల్‌డ్రింక్ అనుకుంటారు. ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేసి, ఇకపై లేబుల్ ఉన్న డబ్బా, బిల్లు అడగండి.