గోస్తని వెంట మూడు రోజులు: సైకిల్ మీద అరకు ఘాట్, భీమిలి తీరం

దృశ్యం: భీమిలి. నది సముద్రంలో కలిసే చోటు. ఇసుక పక్కన ఒకదానికొకటి ఆనించిన ఐదు సైకిళ్లు. కాసేపు అలల చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు.

వాయిస్: ఈ నది పేరు గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి రిజర్వాయర్‌లో కాసేపు ఆగి, ఇదిగో ఇక్కడ బంగాళాఖాతంలో కలుస్తుంది. పొడవు 120 కిలోమీటర్ల చిల్లర, అంతే. ఆగస్టు 15 శని ఆదివారాలతో కలిసొచ్చిన ఏడాది మేం ఐదుగురం విశాఖలో బయల్దేరి అరకు ఎక్కాం. తర్వాత ఈ నది దిగినట్టే దిగి ఇక్కడికొచ్చాం. మూడు రోజులకీ కలిపి 300 కిలోమీటర్ల లోపే.

రూటు చెప్తాను. తిండి, బ్రేకులు, గాలి గురించీ చెప్తాను. కానీ ఈ వీడియో చెయ్యడానికి కారణం వేరే ఉంది. ఐదుగురికీ ఐదు రకాల కాళ్లు. మా బావ జిమ్ము మనిషి. మాస్టారు రిటైరైన లెక్కల టీచరు, అరవై దాటారు. ఇలాంటి గుంపు ఎక్కడ కలిసి తొక్కాలి, ఎక్కడ ఎవరి మానాన వాళ్లను వదిలెయ్యాలి? ఇది తెలియక మా మొదటి ట్రిప్పులో తిట్టుకుంటూ ఇంటికి చేరాం.

దృశ్యం: చీకటి. వరసగా ఎర్ర లైట్లు. పెందుర్తి బోర్డు వెనక్కి పోతుంది.

వాయిస్: మొదటి రోజు తెల్లవారుజామున 4 గంటలకే రోడ్డెక్కాలి. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట, మనమంతా ఎస్.కోట అనే ఊరు, దాదాపు 55 కిలోమీటర్లు. లారీలు పెరగకముందే అక్కడ పడితే మంచిది. ఈ దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఎస్.కోటలో ఇడ్లీలు తినండి. మొహమాటపడకండి, ఎందుకో ఇప్పుడు లెక్క చూపిస్తా.

దృశ్యం: హోటల్ బల్ల మీద ఇడ్లీ ప్లేటు. పక్కన పేపరు నాప్కిన్ మీద మాస్టారి చేతిరాత.

వాయిస్: ఈ లెక్క మాస్టారిది. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు. ఘాట్‌లో ఎక్కేది దాదాపు 1000 మీటర్లు. అంత బరువును అంత ఎత్తుకు మోయడానికి కావాల్సిన శక్తి సుమారు 190 కిలో క్యాలరీలు. ఇంతేనా అనుకోకండి. మన శరీరం తిన్నదాంట్లో నాలుగో వంతునే పెడలు దాకా పంపిస్తుంది, మిగతాదంతా వేడిగా, చెమటగా పోతుంది. అంటే ఖర్చు 750. ఇడ్లీకి 50 వేసుకుంటే పదిహేను ఇడ్లీలు, ఒక్క ఘాట్‌కే. మెల్లగా ఎక్కినా, గబగబా ఎక్కినా కొండ అడిగేది ఇంచుమించు అంతే.

అలాగని పదిహేనూ ఒకేసారి తినలేం కదా. గంటకు రెండు అరటిపండ్లో, వేరుశనగ చిక్కీయో నములుతూ పోవాలి. ఆకలేసినప్పుడు తిందాంలే అంటే అప్పటికే ఆలస్యం. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర అయిపోతే కాళ్లు ఉన్నట్టుండి మనవి కాకుండా పోతాయి. సైక్లిస్టులు దీన్ని ‘బాంక్’ అంటారు.

నాకు మొదటి ట్రిప్పులో అదే అయింది. బావ వెనకే పోవాలన్న పంతం. జేబులో చిక్కీ ఉంది, తియ్యడానికి ఆగితే వెనకబడతానేమోనని తియ్యలేదు. ఘాట్ సగంలో ఒక మలుపు దగ్గర ముందు చక్రం అటూ ఇటూ ఊగడం మొదలైంది. దిగి రాతి గట్టు మీద కూర్చున్నా. చేతులు వణుకుతున్నాయి, చిక్కీ కవరు చింపడం రావట్లేదు. కట్టెలమోపుతో నడిచి వస్తున్న ఒక పెద్దమ్మ ఆగి, ‘ఏటి బాబూ, బండి పాడయిందా?’ అంది. ‘బండి బాగానే ఉందమ్మా’ అన్నా. నా మొహం వంక చూసింది, మోపు దించి కవరు తనే చింపి ఇచ్చింది. ఇరవై నిమిషాలకు మాస్టారు వచ్చారు. ఆయన నా తర్వాత బయల్దేరి, ఎక్కడా ఆగకుండా అదే నడకతో వచ్చిన మనిషి. ఆ రోజు అరకుకి నా కంటే గంట ముందే చేరారు.

దృశ్యం: ఘాట్ రోడ్డు. మబ్బు కొండను సగం కప్పేసింది. ఒక్కో మలుపులో ఒక్కో సైకిలు, మధ్యలో చాలా ఖాళీ.

వాయిస్: అందుకే మా గుంపు మొదటి రూలు: ఘాట్‌లో ఎవరి దారి వాళ్లది. ఇది స్నేహానికి సంబంధించిన విషయం కాదు, లెక్క. ఎక్కేటప్పుడు మన వేగం గంటకు 8, 9 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి అసలు లెక్కలోకే రాదు, పోరాటమంతా బరువుతోనే. ముందున్నవాడి వెనక దాక్కుంటే ఒరిగేదేమీ లేదు. పైగా పక్కవాడి వేగానికి మన ఊపిరిని కట్టేసుకుంటే ఇద్దరికీ నష్టమే. వేగంగా పోయేవాడికి మెల్లగా తొక్కడమూ నరకమే, బావనడగండి.

మరి తప్పిపోతే? ముందే చోట్లు అనుకుంటాం. అనంతగిరి, గాలికొండ వ్యూపాయింట్. అక్కడ ఆఖరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. వచ్చాక వాళ్లకూ పది నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వాలి. చాలా గుంపులు చేసే అన్యాయం ఇక్కడే ఉంది. ముందొచ్చినవాళ్లు అరగంట రెస్టు తీసుకుని, చివరివాడు రాగానే ‘పదండి’ అంటారు.

గేర్ల గురించి ఒక్కమాట. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 32 గాని 34 గాని ఉంటే అరవై దాటినవాళ్లయినా ఎక్కుతారు. సైకిలు షాపులో ఏదో అమ్మేశారని వెనక 28 పళ్లతో వస్తే మోకాళ్లు చెప్తాయి.

దృశ్యం: సుంకరమెట్ట. కాఫీ తోట నీడ. నిప్పుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తులు, సెగకు పొట్టు చిటపటమంటుంది.

వాయిస్: అరకులో రాత్రి పడక. రెండో రోజు తక్కువ దూరమే పెట్టుకున్నాం. సుంకరమెట్టలో కాఫీ తాగాం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ కాఫీ చెట్లే రోడ్డు పక్కన మిరియాల తీగలతో కలిసి కనిపిస్తాయి. దారిలో శిమిలిగూడ స్టేషన్ ఉంది, ఎత్తు 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్ గేజ్ మీద అంతకంటే ఎత్తున్న స్టేషన్ లేదు. మన కాళ్లు పడే పాటును రైలింజను కూడా పడుతుందని అక్కడ నిలబడి వింటే తెలుస్తుంది.

తర్వాత బొర్రా. ఒక హెచ్చరిక: మెయిన్ రోడ్డు నుంచి గుహల వైపు దిగుతున్నప్పుడు భలే హాయిగా ఉంటుంది. దిగిన ప్రతి మీటరూ మళ్లీ ఎక్కాలి. గుహలు చూసి, ఎక్కి, అనంతగిరిలో పడుకున్నాం.

దృశ్యం: పొద్దున్నే పొగమంచు. మాస్టారు చొక్కా లోపల న్యూస్ పేపరు దూర్చుకుంటున్నారు. కెమెరా దగ్గరికి వెళ్తే సినిమా ప్రకటన సగం కనిపిస్తుంది.

వాయిస్: నవ్వకండి. దిగుడులో పెడలు తొక్కం, ఒళ్లు వేడెక్కదు, చల్లగాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. పేపరు దాన్ని ఆపుతుంది. కింద ఎస్.కోటలో తీసేస్తే సరి.

అసలు భయపడాల్సింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. మీరు చెమటోడ్చి పోగేసిన ఆ 1000 మీటర్లనూ ఇప్పుడు బ్రేకులు వేడిగా మార్చాలి. బ్రేకు లివరును కొంచెం కొంచెంగా నొక్కి పట్టుకునే దిగితే రిమ్ కాలిపోతుంది, ట్యూబ్ పేలిన సందర్భాలూ ఉన్నాయి. మలుపుకి ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించాలి. మలుపులో వదిలెయ్యాలి. బయటివైపు కాలు కింద, చూపు మలుపు చివర. గుంతను చూస్తే గుంతలోకే పోతాం, ఇది అందరికీ అనుభవమే. వానలో, చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకు మొదట నీళ్లు తుడవడానికే సరిపోతుంది, ఆ తర్వాతే పట్టుకుంటుంది. కాబట్టి ఇంకా ముందుగా వెయ్యాలి. మధ్యగీత దాటి రావద్దు, బస్సు తన మలుపుకి రోడ్డంతా వాడుకుంటుంది.

కొత్తవాళ్లయితే ఆగస్టు వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. గట్టి వాన పడితే ఘాట్‌లో కొండచరియలు జారతాయి. అలాంటప్పుడు ట్రిప్పు మానేసి ఇంట్లో పకోడీలు తినడమే తెలివి.

దృశ్యం: తాటిపూడి నీళ్లు. తర్వాత పద్మనాభం కొండ, మెట్లు.

వాయిస్: ఎస్.కోట నుంచి హైవే వదిలేసి చిన్న రోడ్లు పట్టాం. తాటిపూడిలో గోస్తని మళ్లీ కనిపించింది. పద్మనాభం దగ్గర నీడన కూర్చుని పులిహోర తిన్నాం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలు వదిలింది ఇక్కడే. మాస్టారు ఆ కథ ఎత్తుకున్నారు. బావ వింటూ వింటూ నిద్రపోయాడు.

దృశ్యం: భీమిలి దాటాక బీచ్ రోడ్డు. ఎడమవైపు సముద్రం. ఐదు సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి, చక్రానికీ చక్రానికీ మధ్య మూరెడు.

వాయిస్: ఇక్కడితో ఘాట్ రూలు రద్దు. భీమిలి నుంచి విశాఖ పాతిక కిలోమీటర్లకు పైన ఉంటుంది, దాదాపు నైరుతి వైపు ప్రయాణం. ఆగస్టులో గాలి వచ్చేదీ నైరుతి నుంచే. అంటే నేరుగా మొహానికి. జనవరిలో అయితే ఇదే రోడ్డులో చాలాసార్లు ఈశాన్య గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది.

చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మన బలంలో ముప్పావు వంతు గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలు, దానికి కావాల్సిన బలం ఎనిమిదింతలు. అదే ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకవాళ్లకు పాతిక శాతం పైనే శ్రమ తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ ఒంటరిగా పోయినవాడు, ఎంత జిమ్ము మనిషైనా, గాలికి లొంగాల్సిందే.

పద్ధతి ఇది. ముందున్నవాళ్లు రెండు మూడు నిమిషాలు లాగి, పక్కకు జరిగి వెనక్కి రావాలి. బలమున్నవాళ్లు ఎక్కువసేపు లాగాలి గాని, ఎక్కువ వేగంగా కాదు. ముందుకి రాగానే వేగం పెంచేవాడు లైను తెంపేస్తాడు. గుంత వస్తే ముందువాళ్లు చెయ్యి కిందికి చూపించాలి, బండి వస్తే వెనకవాళ్లు అరవాలి. మీ ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ పోకూడదు. రెండూ తగిలితే పడేది వెనకున్న మీరే.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర బావ లాగుతున్నాడు. మంగమారిపేటలో నేను. రుషికొండకి ముందు మాస్టారు పక్కకొచ్చి, ‘ఒక నిమిషం నన్ను లాగనివ్వండిరా’ అన్నారు. వేగం రెండు కిలోమీటర్లు తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు. బావ బుద్ధిగా ఆయన వెనక చక్రం పట్టుకుని వచ్చాడు, మూడు రోజుల్లో వాడు ఒకరి వెనక నడవడం అదే మొదటిసారి.

దృశ్యం: సాయంత్రం. ఇంటి ముందు కుళాయి. బకెట్, పాత టూత్ బ్రష్, చైను మీద తెల్లటి పొర.

వాయిస్: ఇంటికి రాగానే పడుకోకండి. బీచ్ రోడ్డు ఉప్పు గాలి, ఇసుక కలిస్తే చైను రెండు రోజుల్లోనే తుప్పు పట్టడం మొదలెడుతుంది. మంచినీళ్లతో మెల్లగా కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక లింకుకో చుక్క చొప్పున నూనె వెయ్యండి.

అన్నట్టు తాటిపూడి నీళ్లు విశాఖ కుళాయిలకు కూడా వస్తాయి. మాస్టారు ఆ మాట చెప్పి, బకెట్లో మిగిలిన నీళ్లు తన కాళ్ల మీద పోసుకున్నారు.