ఫ్రోజెన్ అంటే భద్రం కాదు: స్ప్లంక్‌లో లాగుల గడువు

అందరికీ నమస్కారం. ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలో, రొయ్యల మేత కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. సర్వర్లలో ఏం జరిగిందో రాసుకునే నమోదులే లాగులు, వాటిని ఒకచోట పోగుచేసి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ స్ప్లంక్. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి. స్ప్లంక్‌లో 180 రోజులని రాసేశాం కదా అని ఊరుకుంటే మాత్రం మునుగుతాం.

స్ప్లంక్ లాగుల్ని ఒక్కో లైనుగా తీసేయదు, బకెట్ (కొంతకాలపు లాగులుండే ఫోల్డర్) మొత్తాన్నీ ఒకేసారి తీస్తుంది. ఇప్పుడు రాస్తున్నది హాట్ బకెట్. అది నిండితే వార్మ్, తర్వాత కోల్డ్, ఆఖరికి ఫ్రోజెన్. ఫ్రోజెన్ అనగానే ఎక్కడో భద్రంగా ఉందనుకుంటారు. దాచే చోటు మనం చూపించకపోతే అది చెరిపేయడమే!

బకెట్ ఫోల్డర్ పేరు చూడండి. డీబీ అనే అక్షరాల తర్వాత రెండు పదంకెల సంఖ్యలుంటాయి. మొదటిది బకెట్‌లోని అన్నిటికన్నా కొత్త లాగు సమయం, రెండోది అన్నిటికన్నా పాతదానిది. గడువు లెక్క మొదటి సంఖ్య మీదే. కోల్డ్ స్టోరేజీలో శనగల లాటు లాగే, చివర చేరిన బస్తాకి గడువు తీరేదాకా మొదటి బస్తా కూడా కదలదు. ఇలాంటి బకెట్లన్నీ కలిపి ఉండే చోటే ఇండెక్స్. లాగులు తక్కువొచ్చే ఇండెక్స్‌లో ఒక్క బకెట్టే 90 రోజులు సాగొచ్చు. అంటే 180 అని పెట్టినా, పాత లైను దాదాపు 270 రోజులుంటుంది. దీనివల్ల డిస్కు ఖర్చే తప్ప నష్టం లేదు.

అసలు ప్రమాదం సైజుతో. మామూలుగా ఒక ఇండెక్స్‌కి పరిమితి 5,00,000 ఎంబీ. రోజుకి 10 జీబీ లాగులొస్తే, డిస్కు మీద సుమారు సగం, 5 జీబీ పడుతుంది. 180 రోజులకి 900 జీబీ కావాలి. పరిమితి నూరు రోజులకే నిండుతుంది. వయసు, సైజు, ఏది ముందు తగిలితే దానిదే మాట. పాత బకెట్లు గుట్టుచప్పుడు కాకుండా పోతాయి, మనకి తెలిసేది ఆడిట్ రోజునే.

అందుకే స్ప్లంక్ సెట్టింగుల ఫైలు ఇండెక్సెస్ డాట్ కాన్ఫ్‌లో గడువు 1,55,52,000 సెకన్లు, అంటే 180 రోజులు పెట్టండి. సైజు 11,00,000 ఎంబీకి పెంచండి, డిస్కులో అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకుని. ఫ్రోజెన్‌కి వేరే ఫోల్డర్ చూపించండి. అక్కడికి చేరేది కుదించిన అసలు డేటా మాత్రమే, వెతుకులాటకి పనికొచ్చే ఇండెక్స్ ఫైళ్లు ఉండవు. కావలసినప్పుడు ఆ బకెట్‌ని థాడ్ (తిరిగి తెచ్చుకున్నవి ఉంచే) ఫోల్డర్‌లోకి కాపీ చేసి, రీబిల్డ్ కమాండ్ ఇచ్చి, స్ప్లంక్‌ని రీస్టార్ట్ చేయాలి. థాడ్‌లో ఉన్నదానికి గడువు వర్తించదు, పనయ్యాక మనమే తీసేయాలి. ఫ్రోజెన్ ఫోల్డర్‌ని కూడా స్ప్లంక్ మళ్లీ ముట్టుకోదు, నెలకోసారి అది ఎంత పెరిగిందో చూసుకోవలసింది మనమే.