నెల్లూరు నుంచి వైజాగ్: పిల్లలతో వెళ్తే బీచ్ సంగతి తర్వాత, ముందు హార్బర్ చూడండి

నమస్తే అండీ. నా వెనకాల కనిపిస్తున్నది వైజాగ్ కాదు, మన మైపాడు. కావాలనే ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నా. నెల్లూరులో బండెక్కితే గంటలోపు వచ్చేశాం. అలలు, ఇసుక ఇక్కడే ఉంటే, వాటికోసం రాత్రంతా రైల్లో పడి ఆరొందల కిలోమీటర్లు పోవడం ఎందుకు చెప్పండి? మనకు లేనిది, వాళ్ళకున్నది ఒకటుంది. ఊళ్ళోనే, కొండ చాటున హార్బర్. మే సెలవుల్లో మూడు రోజులకని వెళ్ళిన మాకు ఈ తెలివి రెండో రోజుకి గానీ రాలేదు.

మొదటి రోజు రూమ్‌తోనే సరిపోయింది. సీ వ్యూ అన్నారు. బాల్కనీ చివర నిలబడి మెడ సాగదీస్తే, రెండు బిల్డింగుల మధ్య చీర అంచంత నీలం కనిపించింది. సరేలే అని ఆర్కే బీచ్‌కి పోతే, నీళ్ళలో దిగగానే లోతు, అల వెనక్కి లాగేస్తోంది. అక్కడ చాలామంది ప్రాణాలు పోయాయి. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి. మురీ మిక్చర్ తినిపించి వెనక్కి తీసుకొచ్చేశాం.

రెండో రోజు కురుసుర. ఇదిగో, ఈ నల్లటిది. నిజమైన సబ్‌మెరైన్. సోవియట్ వాళ్ళ దగ్గర కొన్నారు, 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది. 2001లో రిటైరైతే, 2002లో బీచ్ పక్కకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగాలి. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనప కంత ఉంటుంది, ముందు కాలు పెట్టి తర్వాత తల వంచాలి. పిల్లలు ఎలకపిల్లల్లా దూరిపోయారు. మా ఆయన ముందు తల పెట్టారు. టంగ్‌మని సౌండ్ వీడియోలో కూడా వినిపిస్తుంది.

లోపల చూపించేది నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. పైన తేలేటప్పుడు డీజిల్ ఇంజిన్లు నడిచి బ్యాటరీలు చార్జ్ అవుతాయి, నీళ్ళలో మునిగాక ఆ బ్యాటరీలే దిక్కు, ఎందుకంటే లోపల డీజిల్‌కి గాలి చాలదు అన్నారు. మావాడు వెంటనే, "మనింట్లో ఇన్వర్టర్ లాగానా తాతా?" అన్నాడు. ఆయన తెగ మురిసిపోయారు. రోజుల తరబడి స్నానాలుండవని కూడా చెప్పారు. అప్పటినుంచి మావాడు నేవీలో చేరతానంటున్నాడు. సోమవారం సెలవు, మిగతా రోజుల్లోనూ టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి.

మూడో రోజు రాస్ హిల్. హార్బర్ ముఖద్వారం దగ్గర మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. పోర్టు లోపలికి మనల్ని ఊరికే రానివ్వరు గానీ, చర్చి దగ్గర నిలబడితే ఓడలు మన కాళ్ళ కిందే పోతున్నట్టుంటుంది. మేం వెళ్ళిన అరగంటకి ఒకటి వచ్చింది. చప్పుడు లేదు. అపార్ట్‌మెంట్ బిల్డింగ్ లేచి నడిచొచ్చినట్టుంది. దాని ముందొకటి, వెనకొకటి చిన్న టగ్గులు. అంత ఓడని ఆ బుల్లి పడవలు లాగుతున్నాయా అని మా పాప నోరు తెరిచింది.

ఎదురుగా ఆ పెద్ద కొండ డాల్ఫిన్స్ నోస్. అది అడ్డం ఉండబట్టే అలలు లోపలికి రావు. అలలైతే ఆగాయి గానీ ఇసుక మేటలు ఆగలేదట, అందుకని 1933లో తెరిచిన ఈ పోర్టు కోసం రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట కట్టారు. ఓడలొచ్చే దారి కోసం ఓడల్నే ముంచారు! ఆ ముక్క పిల్లలకి చెప్పండి, ఇంక నిద్రపోరు.

ఫిషింగ్ హార్బర్‌లో మాత్రం పప్పులో కాలేశాం. పొద్దున్నే చేపల వేలంపాట చూద్దామని ఐదింటికి లేపి తీసుకెళ్తే, బోట్లన్నీ వరసగా కట్టేసి రంగులు వేసుకుంటున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం కదా. సముద్రం ఒడ్డు జిల్లాలో పుట్టి ఆ మాత్రం గుర్తుండొద్దా నాకు! వేలం చూడాలంటే దసరాకో సంక్రాంతికో వెళ్ళండి.

భోజనం సంగతి తొందరగా చెప్పేస్తా. చేపల పులుసు తెప్పించాం, బాగానే ఉంది. మా పాప గరిటెతో గిన్నె అడుగుదాకా కెలికి, "అమ్మా, మామిడికాయ ముక్కలేవీ?" అని సర్వర్‌కి వినపడేలా అడిగింది. నెల్లూరు పిల్ల అని అక్కడే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి వారమైంది. మావాడు రోజూ బకెట్లో నీళ్ళు నింపి, నా స్టీలు డబ్బాని ముంచి తేలుస్తున్నాడు. నీళ్ళు నిండితే మునుగుతుంది, వంపేస్తే తేలుతుంది, అదే సబ్‌మెరైన్ అట. డబ్బా దొరికింది గానీ మూత ఇంకా దొరకలేదు.