ఫ్రీగా గేమ్ చేయడం నేర్పిస్తారంట! నెల్లూరు వెళ్ళి చూసొచ్చాను

నమస్తే అండీ. ముందు ఈ స్క్రీన్ చూడండి. రెండు ఎడ్లు, వెనకాల ఒక నల్ల బండ. ఈ గేమ్ నేను చేసింది కాదు. చీమకుర్తి నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి రెండు ఆదివారాల్లో చేసింది. రూపాయి ఫీజు లేదు. ఆ సంగతికి వస్తాను గానీ, దానికి ముందు ఒంగోలులో నా ఆదివారం ఒకటి ఎలా పోయిందో చెప్పాలి.

అక్కడా ఫ్రీ అనే పిలిచారు. కావలిలో పొద్దున్నే రైలెక్కి పోయా. రెండున్నర గంటల టాక్. గేమింగ్ ఇండస్ట్రీ ఎంత పెద్దది, ప్యాకేజీలు ఎంతొస్తాయి, ప్యాషన్ ఎంత ముఖ్యం... బ్యాగులోంచి లాప్‌టాప్ తీసే పనే పడలేదు. ఆఖరి స్లైడులో ఏముందో మీరు ఊహించే ఉంటారు. పెయిడ్ కోర్సు, ఈ రోజే చేరితే డిస్కౌంట్! టీ మాత్రం బాగుంది.

అందుకే నెల్లూరు వర్క్‌షాప్‌కి సగం మనసుతోనే వెళ్ళా. ట్రంక్ రోడ్డు పక్క సందులో ఒక ట్యూషన్ సెంటర్ మేడ. నేర్పేది ఉద్యోగాలు చేసుకునే నలుగురు కుర్రాళ్ళు. లోపలికి వెళ్ళగానే ఒకతను చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి, "కాపీ చేసుకుని పక్కకివ్వన్నా, వైఫై జోలికి పోవద్దు" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ముప్పై మంది ఒకేసారి డౌన్‌లోడ్ పెడితే ఏమవుతుందో దెబ్బ తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది గోడో ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్. అర్జెంటీనాలో పుట్టి, 2014లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే కోడ్ అందరికీ ఉచితంగా తెరిచేశారు. లైసెన్సు ఖర్చు లేదు, రాయల్టీ లేదు. యూనిటీ అని ఇంకో ఇంజిన్ ఉంది కదా, అదెందుకు వద్దన్నారు, ఫీజు గొడవ వల్లా అని అడిగాను. 2023 సెప్టెంబరులో ఆ కంపెనీ, ఒక స్థాయి దాటిన గేములకి ఇన్‌స్టాల్ లెక్కన ఫీజు వేస్తామంది. పెద్ద గొడవైంది, ఏడాది తర్వాత మానుకుంది. "మా కారణం అది కాదులే అన్నా, ఇక్కడ చాలామందివి నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాపులు, యూనిటీ వాటికి బరువు" అని నేర్పేవాళ్ళలో ఒకతను నవ్వాడు. లాప్‌టాప్ లేని ఒక పిల్లాడైతే ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఎడిటర్ తెరిచి కూర్చున్నాడు. వేళ్ళతో అవస్థ పడ్డాడు గానీ పని కానిచ్చాడు.

మొదటి రోజు ఎడ్లని నడిపించే కోడ్ ఒక్క లైను. ఫ్రేముకి, అంటే స్క్రీన్‌పై బొమ్మ మారిన ప్రతిసారీ, 5 పిక్సెళ్ళు (చుక్కలు) ముందుకి. నా పాత లాప్‌టాప్‌లో నింపాదిగా నడిచాయి. పక్కబ్బాయిది గేమింగ్ లాప్‌టాప్. అదే కోడ్, ఎడ్లు పరుగో పరుగు. "ఏంది సామీ, వాడి ఎడ్లకి దాణా ఎక్కువైందా?" అన్నారెవరో. అప్పుడు విడమరిచి చెప్పారు. నా స్క్రీన్‌కి సెకనుకి 60 ఫ్రేములు, 5 చొప్పున 300 పిక్సెళ్ళు. వాడిది 144, అంటే 720. అందుకని వేగాన్ని సెకనుకి 300 అని రాసుకుని డెల్టాతో గుణించాలి. కిందటి ఫ్రేముకీ దీనికీ మధ్య గడిచిన టైమే డెల్టా. గుణించగానే రెండు జతలూ సమానంగా నడిచాయి. ఈ ముక్క యూట్యూబులో పదిసార్లు విన్నాను. ఎడ్లు పరిగెత్తేదాకా బుర్రకెక్కలేదు.

రెండో ఆదివారం ఆ అమ్మాయి బండలాగుడు. స్క్రీన్ ఎడమ పక్క, కుడి పక్క మార్చి మార్చి నొక్కితే ఎడ్లు లాగుతాయి. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత స్కోరు. అంతా సరిగ్గానే ఉంది, బండ మాత్రం సబ్బుబిళ్ళలా జారిపోతోంది. నేర్పే అతను కోడ్ వైపు చూడలేదు. "మీ ఊళ్ళో పందెం చూశావు కదమ్మా, ఎట్టా ఉంటాదో చెప్పు" అన్నాడు.

"కదిలేదాకానే అన్నా కష్టం. కదిలినాక వచ్చేస్తాది."

అదే కోడ్‌లో పెట్టించాడు. మొదటి నాలుగైదు నొక్కులకి బండ కదలదు. తాడు బిగుస్తుంది, కాడి కింద మెడలు వంగుతాయి, అంతే. ఆ తర్వాత ఒక్కసారిగా కదులుతుంది, దుమ్ము లేస్తుంది, నేలని రాసుకున్న చప్పుడు, స్క్రీన్ కాస్త అదురుతుంది. బండ బొమ్మ అదే, సైజు అదే. బరువు మాత్రం వచ్చింది!

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఆండ్రాయిడ్ యాప్‌గా మార్చడానికి జావా కిట్, ఎస్‌డీకే, కీస్టోర్ అని బోలెడు తతంగం. దాన్ని చివరి పది నిమిషాల్లో తోసేశారు. బదులుగా వెబ్ ఎక్స్‌పోర్ట్ చేసి, గేములు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ సైటులో జిప్ పెట్టడం చూపించారు. లింకు పంపితే చాలు, బ్రౌజర్‌లో ఆడుకోవచ్చు. ప్లే స్టోర్‌కైతే ఒకసారి 25 డాలర్లు కట్టి అకౌంటు తీసుకోవాలి. ఇంకోటి, పైన రేకుల కప్పు. నెల్లూరు ఎండ గురించి నేను మీకు చెప్పేదేముంది!

కోడింగ్ రానివాళ్ళు ధైర్యంగా వెళ్ళండి. ఒకటో రెండో గేములు చేసినవాళ్ళకి మొదటి ఆదివారం బోరు, రెండోది వదలొద్దు. మీ ఊళ్ళో ఇలాంటిదేదైనా పెడితే, ముందు ఫోన్ చేసి "లాప్‌టాప్ తెచ్చుకోవాలా?" అని అడగండి. అక్కర్లేదన్నారా, ఇంట్లో కూర్చుని యూట్యూబులో జీడీసీ (గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్) ఛానల్ టాకులు చూసుకోండి. గేములు చేసినవాళ్ళే మాట్లాడతారు, అవీ ఫ్రీయే, రైలు చార్జీ మిగులుతుంది.

సరే, ఒక ఆట ఆడి చూపిస్తా. ఎడమ, కుడి, ఎడమ, కుడి... కదిలింది, కదిలింది... అయ్యో, టైమైపోయింది. ఆ అమ్మాయి రికార్డుకి ఇంకా పన్నెండు అడుగుల దూరం. ఉండండి, ఇంకోసారి.