సీఏ-125 పక్కన నక్షత్రం గుర్తు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మర్యాద. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అందులో కొంత ఈ మైకు సరిచేయడానికే పోయింది. కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నా ప్రసంగం పేరు 'ఎండోమెట్రియోసిస్: హార్మోన్లు, రక్తపరీక్షలు' అని వేశారు. నేను ల్యాబ్ డాక్టర్ని. మందులు రాయను, ఆపరేషన్లు చేయను. మీ చేతికొచ్చే రిపోర్టు కింద సంతకం పెడతాను. అందుకని ఆ కాగితంలో ఏముండదో చెప్పడానికే ఇక్కడికొచ్చాను.

జబ్బు గురించి క్లుప్తంగా. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట ఎక్కడెక్కడో పెరుగుతుంది. అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, ఒక్కోసారి పేగు మీద, మూత్రాశయం మీద కూడా. పిల్లలు కనే వయసులో ఉన్నవాళ్లలో దాదాపు 10 శాతం, అంటే ప్రపంచం మొత్తమ్మీద 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నెలసరి రక్తం కొంత గర్భాశయం పక్కనుండే ట్యూబుల గుండా వెనక్కి వెళ్లి లోపల నాటుకుంటుందని 1920లలో జాన్ శాంప్సన్ అనే డాక్టరు చెప్పాడు. అలా వెనక్కి వెళ్లడం చాలామందిలో జరిగేదే, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. ఆ తేడా ఎందుకన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

ఇక హార్మోన్లు. ఈ జబ్బు ఈస్ట్రోజెన్ మీద బతుకుతుంది. మరి రక్తంలో ఈస్ట్రడయాల్, అంటే ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైనది, చూస్తే? చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఎందుకంటే ఆ కణజాలంలో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దాంతో తనకు కావలసిన ఈస్ట్రోజెన్ అక్కడికక్కడే తయారు చేసుకుంటుంది. ఆ ఈస్ట్రోజెన్ వల్ల ప్రోస్టాగ్లాండిన్లు అనే నొప్పి, వాపు పుట్టించే రసాయనాలు పెరుగుతాయి, అవి మళ్లీ అరోమటేజ్‌ని పెంచుతాయి. నొప్పిలో పెద్ద పాత్ర ఈ ప్రోస్టాగ్లాండిన్లదే. ఇంకోపక్క ఈస్ట్రోజెన్ పనికి పగ్గం వేసే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ రక్తంలో సరిపడా ఉన్నా ఆ కణజాలం దానికి సరిగ్గా స్పందించదు. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో చూసి, మూడో అంతస్తులో పైపు కారుతోందా అని అడిగితే నేనేం చెప్పను?

'మరి హార్మోన్ మందులెందుకు ఇస్తున్నారండీ' అని మీరడగొచ్చు. డైనోజెస్ట్ లాంటివి ఇచ్చేది రిపోర్టులో కనపడిన లోటు పూడ్చడానికి కాదు. అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్‌ని తగ్గించడానికి, ఆ కణజాలం పెరగకుండా అణచడానికి. అవి మొదలుపెట్టే ముందు పెద్ద హార్మోన్ ప్యాకేజీ చేయించాలన్న నియమమేమీ లేదు. పీరియడ్స్ సరిగ్గా రాకపోతే, పిల్లలు కలగకపోతే చేయించే హార్మోన్ పరీక్షల సంగతి వేరు.

ప్రోలాక్టిన్, థైరాయిడ్ లాంటి వేరే హార్మోన్ల గురించి కూడా రాసుకొచ్చాను గానీ పక్కన పెడుతున్నాను. నా అసలు గొడవ సీఏ-125తో.

ఇది 1980ల మొదట్లో రాబర్ట్ బాస్ట్ బృందం అండాశయ క్యాన్సర్ పరిశోధనలో బయటపెట్టిన మార్కర్, అంటే రక్తంలో కొలిచే ఒక ప్రోటీన్ గుర్తు. సాధారణంగా 35 యూనిట్లు దాటితే మా కంప్యూటరు పక్కన నక్షత్రం గుర్తు వేస్తుంది. ఒకసారి ఓ అమ్మాయి, వాళ్లమ్మ నా గదికొచ్చారు. రిపోర్టులో 80 పైచిలుకు ఉంది, పక్కన నక్షత్రం. రాత్రంతా ఫోన్‌లో వెతికి క్యాన్సరని నిర్ధారించేసుకున్నారు. వాళ్లమ్మ కూర్చోను కూడా లేదు. నేనొక్కటే అడిగాను: 'రక్తం ఏ రోజు ఇచ్చావమ్మా?' పీరియడ్ రెండో రోజు. ఆ రోజుల్లో అది దానంతటదే పెరుగుతుంది. గర్భం ఉన్నా, ఫైబ్రాయిడ్లున్నా, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్‌లోనూ పెరుగుతుంది. పరీక్ష రాసిన చోట ఆ తల్లీకూతుళ్లకు ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. తర్వాత స్కాన్‌లో అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, కనపడింది. క్యాన్సర్ కాదు, ఎండోమెట్రియోసిస్.

ఇది సగమే. రెండో సగానికి నాకింకా కోపమొస్తుంది. జబ్బు తొలి దశలో ఉన్న చాలామందికి సీఏ-125 35 లోపే ఉంటుంది. నక్షత్రం పడదు. 'అన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకో, పిల్లలు పుడితే అదే పోతుంది' అని పంపించేస్తారు. పిల్లలు పుట్టడం ఈ జబ్బుకి వైద్యం కాదు. మళ్లీ చెబుతున్నాను, కాదు! వెనక వరసలో ఉన్న మగవాళ్లు కూడా వినండి, ఇంట్లో ఈ సలహా ఇచ్చేది మీరే ఎక్కువ. జబ్బు బయటపడటానికి సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోందంటే, అందులో నా సంతకం ఉన్న నార్మల్ రిపోర్టులు ఎన్ని అడ్డుపడ్డాయో.

యూరప్‌లోని సంతాన వైద్య నిపుణుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది: ఎండోమెట్రియోసిస్ నిర్ధారణకి రక్తంలోని గుర్తులు వాడొద్దు. సీఏ-125 అందులో ఉంది. ఉమ్మి, రక్తాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న జన్యు ముక్కల మీద పరిశోధన సాగుతోంది, మంచిదే. ఈ రోజుకైతే దారి చూపేది మీరు చెప్పే లక్షణాలు, డాక్టరు చేత్తో చేసే పరీక్ష, అనుభవమున్నవాళ్లు చేసే స్కాన్ లేదా ఎంఆర్ఐ. వాటిలో కనపడకపోయినా, మందులకి తగ్గకపోయినా లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి లోపల చూడటం. స్కాన్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనడానికీ లేదు.

అంటే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫైలు లావుగా ఉండక్కర్లేదు. నొప్పి ఏ రోజుల్లో వస్తోంది, కలయికలో ఉందా, విరేచనానికి, మూత్రానికి వెళ్లినప్పుడు ఉందా, ఎన్నిసార్లు పని మానాల్సొచ్చింది, ఇవి రాసుకెళ్లండి. సిగ్గుపడి దాచుకునేవే ఇందులో ముఖ్యం.

గంట కొడుతున్నారు, వినపడింది. ఒక్క రక్తపరీక్ష గురించి మాత్రం మంచి చెప్పి దిగుతాను. ఏఎంహెచ్. అండాశయంలో అండాల నిల్వ ఎంతుందో అది సుమారుగా చెబుతుంది, జబ్బు ఉందో లేదో చెప్పదు. చాక్లెట్ సిస్ట్ తీసేటప్పుడు పక్కనున్న మంచి కణజాలం కూడా కొంత పోవచ్చు, ఆపరేషన్ తర్వాత ఏఎంహెచ్ పడిపోవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు కత్తి పడకముందే దీని గురించి అడగండి. ప్రశ్నలుంటే చీటీల మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.