తలుపు ఇవతల మన పని

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంటి పనులన్నీ పక్కనపెట్టి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం, మారతహళ్లి, అంటే బెంగళూరులో ఈ వైపు ఉండే మన తెలుగువాళ్లం ఉగాదికో, కార్తీక వనభోజనాలకో తప్ప కలుసుకోం. ఈరోజు అలాంటి సందర్భమేమీ లేదు. మళ్లీ ఏదైనా మహమ్మారి వచ్చి, ఇంట్లో ఒకరు గది తలుపు వేసుకుని ఉండాల్సి వస్తే రోజు ఎలా గడవాలి అన్నది మాట్లాడమని నన్ను పిలిచారు. నేను డాక్టర్ని కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ బాగా ఉన్నప్పుడు, మా అపార్ట్‌మెంట్‌లోనూ, చుట్టుపక్కల పీజీ హాస్టళ్లలోనూ ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకి భోజనాలు, మందులు చేరవేసి, ఫోన్లు మాట్లాడిన కొంతమందిలో నేనూ ఒకదాన్ని. అప్పుడు చూసినదే చెబుతాను.

నాకు బాగా అర్థమైంది ఒకటుంది. గదిలో ఉన్న మనిషికి మనం "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పి ఫోన్ పెట్టేస్తాం. అదంతా రోగి మనోబలం మీదే నడుస్తుందని మన నమ్మకం. నేను చూసినంతలో ఆ రోజులు ఎలా గడిచాయన్నది చాలావరకు తలుపు ఇవతల ఉన్నవాళ్ల మీదే ఆధారపడింది. పూటకి తిండి వస్తుందా? చెత్త ఎవరు తీస్తారు? అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరు ఫోన్ ఎత్తుతారు? ఆఫీసులో ఏమంటారు? ఇవి తేలిపోతే మనిషికి సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇది మన పెద్దవాళ్లకి తెలియని సంగతి కాదు. ఇంట్లో పిల్లవాడికి అమ్మవారు పోస్తే ఏం చేసేవారో ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి కనిపిస్తే బయటివాళ్లు గడప దాటేవారు కాదు. పిల్లవాడికి వేరే చాప, వేరే దుప్పటి, వేరే గ్లాసు. ఇంట్లో పోపు ఘాటు రానిచ్చేవారు కాదు. తల్లో, నాయనమ్మో పక్కన కూర్చుని, దురద పెట్టిన చోట గోకనివ్వకుండా వేపరెమ్మతో నిమిరేవారు. పక్కింటివాళ్లు మజ్జిగ, కొబ్బరిబోండాలు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లేవారు. పొక్కులు మాడి రాలిపోయాక స్నానం చేయించి, అప్పుడు నలుగురిలోకి తీసుకొచ్చేవారు. వేపాకు జబ్బుని తగ్గిస్తుందని నేను అనడం లేదు. ఎడం పాటించడం పూర్తిగా ఉంది, అవమానం మాత్రం ఏ కోశానా లేదు. ఆ ఇంటిని చూసి "వీళ్లేదో తప్పు చేశారు" అని ఎవరూ అనుకోలేదు.

2020లో ఇదే బెంగళూరులో మనం చేసింది చూడండి. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ల చేతి మీద చెరగని సిరాతో ముద్ర వేశారు. హోం క్వారంటైన్‌లో ఉన్నవాళ్లు పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా గంటకో సెల్ఫీ పంపాలని మార్చి నెలాఖరులో ఉత్తర్వు వచ్చింది. తలుపులకి నోటీసులు అంటించారు. జూలైలో డోమ్లూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లాట్ల గుమ్మాలకి అడ్డంగా ఇనుప రేకులు బిగించారు. లోపల చిన్నపిల్లలతో ఒక తల్లి ఒక ఇంట్లో, వయసైపోయిన దంపతులు ఇంకో ఇంట్లో. నిప్పంటుకుంటే వాళ్లు ఎటు నుంచి బయటపడాలి? ఫొటోలు బయటికి వచ్చాక కార్పొరేషన్ కమిషనర్ క్షమాపణ చెప్పి ఆ రేకులు తీయించారు. కోవిడ్ రోగుల ఇళ్ల ముందు మామూలుగా పోస్టర్లు అంటించకూడదని, విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కుదరదని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

దీనివల్ల నష్టం ఏమిటంటే, భయపడినవాళ్లు జబ్బుని దాస్తారు. మా బ్లాకులోనే ఒక కుటుంబం దగ్గు వినపడకుండా టీవీ సౌండు పెంచుకుని కూర్చుంది. 1898లో ఈ ఊరికి ప్లేగు వచ్చింది. అప్పుడు పేట అని పిలిచే కిక్కిరిసిన పాత ఊళ్లోంచి జనాన్ని తరలించారు. మల్లేశ్వరం, బసవనగుడి పెరిగింది ఆ తర్వాతే. ప్లేగు మారియమ్మ గుళ్లు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. ఆ రోజుల్లో మన దేశంలో చాలా చోట్ల, ఎక్కడ క్యాంపుకి ఎత్తుకుపోతారోనని, రోగుల్ని అటకల మీదా, వెనకింట్లోనూ దాచిపెట్టేవారు. నూటఇరవై ఏళ్లు గడిచినా ఆ భయం మారలేదు.

సరే, ఇక రోజువారీ సంగతులకి వద్దాం. ముందు తిండి.

గది బయట ఒక స్టూలు వేయండి. చిన్న విషయంలా ఉంటుంది కానీ అన్నీ దాని మీదే నడుస్తాయి. మా బ్లాకులో నెల్లూరు నుంచి కొడుకింటికి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన ఒక పెద్దాయనకి పాజిటివ్ వచ్చింది. వాళ్లావిడ పళ్లెం స్టూలు మీద పెట్టి, తలుపు మీద రెండుసార్లు తట్టి, వంటింటి గుమ్మం దాకా వెనక్కి వచ్చి అక్కడే నిలబడేది. ఆయన మాస్కు వేసుకుని తలుపు తీసి పళ్లెం తీసుకునేవారు. "ఏవండీ, చారులో ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ అక్కడినుంచే అడిగేది. ఆయనకి వాసన, రుచి పోయి అప్పటికి రెండు రోజులైంది. అయినా "ఆఁ, సరిపోయింది" అనేవారు. అన్ని కిటికీలూ తెరిచి పెట్టి, మధ్యలో హాలంత దూరం ఉంచుకుని మాట్లాడుకున్న ఆ నాలుగు మాటల కోసమే ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవారట. అందుకే పళ్లెం పెట్టేసి పారిపోకండి. ఒక్క నిమిషం నిలబడండి.

వాసన పోయినవాళ్లు తిండి మీద విసుక్కుంటే వాళ్లని తిట్టకండి. ఆవకాయ జాడీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలియని స్థితి అది. వాసన పోయినా చాలామందికి పులుపు, ఉప్పు, కారం కొంత తెలుస్తాయి. నిమ్మకాయ పిండిన పులిహోర, పచ్చిపులుసు, మజ్జిగలో నంజుకోవడానికి కరకరలాడే వడియాలు, ఇలాంటివి నోటికి కాస్త హితవుగా ఉంటాయి. పళ్లెం నిండా పెట్టి "మొత్తం తిను" అనడం కంటే కొంచెం కొంచెం నాలుగుసార్లు పెట్టడం మేలు. నీళ్లు మాత్రం అడిగి మరీ తాగించాలి.

గాలి గురించి గట్టిగా చెప్పాలి. 2020లో మనం పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాం, టమాటాలు ఉప్పునీళ్లలో నానబెట్టాం, న్యూస్‌పేపర్ మానేశాం. అదే సమయంలో కిటికీలు బిగించుకుని ఒకే హాల్లో కూర్చున్నాం. కోవిడ్ వైరస్ ముఖ్యంగా మనం వదిలే గాలిలోంచే పాకుతుందని తర్వాత తేలింది. చేతులు కడుక్కోవాలి, అందులో అనుమానం లేదు. కానీ రోగి గది కిటికీ తెరిచి ఉంచడం, ఇంట్లో అందరూ మంచి మాస్కు వేసుకోవడం, బాత్రూం ఒక్కటే అయితే రోగి వాడాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి కాసేపు వదిలేయడం, ఇవి పాల ప్యాకెట్ల కంటే ఎక్కువ పని చేస్తాయి. బెంగళూరు చలికి కిటికీ తీయాలంటే బద్ధకం. దుప్పటి ఇంకోటి కప్పండి, కిటికీ మాత్రం తీయండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి గుర్తుపెట్టుకోండి. పాజిటివ్ అని తెలిసిన మొదటి రోజు ఊరంతా ఫోన్ చేస్తుంది. పిన్ని, బాబాయి, పాత కొలీగ్, కషాయం చెప్పేవాళ్లు, వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ పంపేవాళ్లు. ఆ రోజు రోగికి జ్వరం, ఒళ్లునొప్పులు, మాట్లాడే ఓపిక ఉండదు. నాలుగో రోజుకి ఫోన్లు తగ్గుతాయి, ఆరో రోజుకి ఎవరూ ఉండరు. కానీ కోవిడ్‌లో ముదిరే కేసులు ఎక్కువగా అయిదో రోజుకీ పదో రోజుకీ మధ్యే ముదిరాయి. మనిషి అవసరం బాగా ఉన్నప్పుడే మనం "తగ్గిపోయి ఉంటుందిలే" అనుకుంటాం. కాబట్టి మొదటి రోజు ఒక మెసేజ్ పెట్టి ఊరుకోండి. అయిదో రోజు ఫోన్ చేయండి. ఏడో రోజు, తొమ్మిదో రోజు చేయండి. "ఎలా ఉంది?" అని అడిగితే "పర్లేదు" అనే అంటారు. "ఆక్సిజన్ ఎంత చూపించింది? రాత్రి నిద్ర పట్టిందా? బాత్రూం దాకా నడిస్తే ఆయాసం వచ్చిందా?" అని అడగండి.

ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడడానికి వేలికి ఆక్సీమీటర్ పెట్టుకునే ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వేలు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా రీడింగ్ తప్పు రావచ్చు. 94 శాతం కంటే తక్కువ చూపించినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా, లేపితే లేవకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కొందరికి ఆక్సిజన్ బాగా పడిపోయినా ఆయాసం తెలియలేదు. హాయిగా ఫోన్ మాట్లాడుతున్నాడు కదా అని నమ్మకూడదన్నది అందుకే.

ఇక్కడ కూర్చున్న సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఒక మాట. మీలో ఎంతమంది జ్వరంతో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేశారో నాకు తెలుసు. ఇంట్లోనే ఉన్నారు కాబట్టి సెలవు అడగడానికి మొహమాటం. మేనేజర్ కూడా "వీలైతే కాల్‌లోకి రా, కెమెరా ఆఫ్ చేసుకో" అంటాడు. మంచం మీద పడుకుని కాల్స్‌కి జవాబిచ్చిన ఆ మనిషిని విశ్రాంతి తీసుకున్నాడని ఎలా అంటాం? హోం ఐసొలేషన్ 2020లో మొదట 17 రోజులన్నారు, తర్వాత 10 అన్నారు, 2022 జనవరికి 7 చేశారు. అవి ఇంకొకరికి అంటకుండా ఉండడానికి పెట్టిన లెక్కలు. ఒంట్లో నీరసం ఆ క్యాలెండర్ చూసుకుని పోదు. ఇక్కడ టీమ్‌లు నడిపేవాళ్లు కూడా ఉన్నారు. మీ దగ్గర పనిచేసే పిల్లవాడు జబ్బుతో ఉంటే "లాగిన్ అవ్వకు" అని మీరే ముందు చెప్పండి. మీరు ఆ మాట అంటే తప్ప వాడు ఆపడు.

పీజీల గురించి చెప్పకుండా వెళ్లలేను. 2021 మే మొదటి వారంలో కర్ణాటకలో ఒక్కరోజులో 50 వేలకి పైగా కేసులు వచ్చాయి, సగానికి దగ్గరగా బెంగళూరువే. దుకాణాలు పొద్దున 6 నుంచి 10 దాకానే. ఆ రోజుల్లో త్రీ షేరింగ్ గదిలో ఒకడికి జ్వరం వస్తే మిగతా ఇద్దరూ ఎక్కడికి పోవాలి? కర్నూలు, ఒంగోలు, కడప నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్లలు. ఇంట్లో చెబితే అమ్మ కంగారు పడుతుందని చెప్పరు. ఓనర్‌కి చెబితే ఖాళీ చేయమంటాడని చెప్పరు. ఒక పిల్లవాడికి మేము అన్నం తీసుకెళ్తే, పీజీ వాళ్లకి తెలియకూడదని మెట్ల కింద పెట్టి వెళ్లమన్నాడు. అమ్మకి రోజూ వీడియో కాల్ కాకుండా మామూలు కాలే చేసేవాడట, మొహం చూస్తే కనిపెట్టేస్తుందని. గొంతు పట్టేసిందేం నాన్నా అంటే ఐస్‌క్రీం తిన్నానని చెప్పాడు.

భవనాలు కట్టడానికి వచ్చిన మన పాలమూరు, అనంతపురం కూలీల పరిస్థితి ఇంకా కష్టం. రేకుల షెడ్డులో అయిదుగురున్న కుటుంబానికి "వేరే గదిలో ఉండండి" అని ఎలా చెబుతాం? గేటెడ్ కాలనీల్లో అసోసియేషన్లు చిన్న కోవిడ్ కేర్ సెంటర్లు పెట్టుకోవచ్చని 2020 జూలైలోనే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలిచ్చింది. మన క్లబ్‌హౌస్‌లు నెలల తరబడి తాళాలేసి ఉన్నాయి. అదే కాంపౌండ్‌లో సెక్యూరిటీ వాళ్లు ఆరుగురు ఒక గదిలో పడుకున్నారు. ఈసారి అలాంటిది వస్తే ఆ తాళం మొదటి వారంలోనే తీయాలని నా గట్టి అభిప్రాయం. ఫ్లాట్ ఓనర్లతో పాటు సెక్యూరిటీ వాళ్లకీ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకీ అందులో మంచం ఉండాలి. వాళ్లు పనికి రాలేని రోజులకి జీతం కోయకూడదు. జీతం పోతుందనే కదా జ్వరం దాచుకుని వచ్చేది.

రాత్రుళ్ల సంగతి కూడా చెప్పాలి. పగలు ఎలాగో గడుస్తుంది. రాత్రి ఒంటిగంట దాటాక గుండె దడ మొదలవుతుంది, అది జబ్బో భయమో తెలియదు. ఆ టైంలో న్యూస్ చానెల్ చూడనివ్వకండి. ముందు ఆక్సీమీటర్ పెట్టి చూసుకోమనండి, అంకె బాగుంటే భయం కొంత దిగుతుంది. అప్పుడూ నిద్ర పట్టకపోతే, "ఏ టైంకైనా చెయ్యి, ఎత్తుతాను" అని ముందే మాట ఇచ్చిన మనిషి ఒకరుండాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ముందుండి నడిపిస్తున్న టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 2022 అక్టోబర్‌లో మొదలైంది. నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇది మహమ్మారి దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్లలో కూడా చేయండి.

బయట టేబుల్ మీద కాగితాలు పెట్టాం. ఒక్కో బ్లాకుకి ఒక కాగితం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరు, పీజీల్లో ఉండే మన పిల్లలు ఎవరు, వాళ్లకి ఏ భాషలో మాట్లాడితే సుఖం, రాత్రిపూట ఫోన్ ఎత్తగలిగినవాళ్లు ఎవరు, ఎవరింట్లో ఆక్సీమీటర్ ఉంది, ఎవరు రెండు క్యారియర్లు అదనంగా వండగలరు. మీకు తెలిసినంత రాయండి, కానీ ఎవరి వివరాలు రాస్తున్నారో వాళ్లని అడిగే రాయండి. గేటు దగ్గర డ్యూటీలో ఉన్నవాళ్లు ఈ మీటింగుకి రాలేకపోయారు. వెళ్లేటప్పుడు ఆగి, వాళ్లనీ అడిగి పేర్లు రాసుకురండి.